బటర్‌ఫ్లై ఈత: చేతుల పని
(సిబ్బంది క్రీడా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఢిల్లీకి బదిలీ అయ్యాక జియా సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో దిగాను. ఐఐటీ పక్క సందులు, నెట్ పుస్తకాల కొట్లు, జిరాక్స్ షాపులు. కుర్చీ ఉద్యోగానికి విరుగుడని 44వ ఏట బటర్‌ఫ్లై మొదలుపెట్టాను. రెండు నెలల్లో కుడి భుజం పట్టేసింది. డాబా మీద తీగకు తువ్వాలు వేయలేకపోయాను. డాక్టరుగారు కొన్నాళ్లు ఆపమన్నారు. ఇక మానేద్దామనే అనుకున్నాను.

పక్క గదిలో ఫిజిక్స్ నెట్‌కు చదివే మన ఒంగోలు కుర్రాడు నా వీడియో చూసి, "సార్, మీరు నీళ్లను కిందికి తోస్తున్నారు. ఒళ్లు పైకి లేస్తోంది గానీ ముందుకు పోవడం లేదు" అన్నాడు. ఎంబీఏ చదివిన నాకు అది తట్టలేదు!

చేతులు భుజాల వెడల్పులో నీళ్లలో దిగాలి. మోచేయి పైనే ఉంచి, ముంజేతిని తెడ్డులా చేసి నీటిని తొడల దాకా వెనక్కి నెట్టాలి. తర్వాత చేతులు వదులుగా, నీటికి దగ్గరగా, పక్కల నుంచి ముందుకు రావాలి. నేనేమో ఆకాశానికి ఎత్తేవాణ్ణి. కాళ్లు రెండుసార్లు కొట్టాలి: చేతులు దిగేటప్పుడొకటి, బయటికొచ్చేటప్పుడొకటి. ఊపిరి తీసుకున్నాక తల చేతులకంటే ముందే దిగాలి.

మెడ గాయం నుంచి కోలుకున్న సజన్ ప్రకాశ్ 2021లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ఈది, ఒలింపిక్ 'ఏ' అర్హత సాధించిన తొలి భారతీయ ఈతగాడయ్యాడు. నా లెక్క వేరు. ముందు ఒంటిచేతి సాధన, ఆపైన 25 మీటర్లు, అంతే. భుజం మూలిగితే గట్టెక్కేస్తాను. తువ్వాలు మళ్లీ తీగమీదికి చేరుతోంది.

పరీక్ష అయ్యాక తనకూ నేర్పమన్నాడు ఆ కుర్రాడు. వాడికి అసలు ఈతే రాదట!