చేప ముల్లు గుచ్చితే ఐస్ కాదు, వేడి నీళ్లు!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... మన దగ్గర సముద్రం లేదు. కానీ రెండ్రోజులు సెలవు దొరికితే చాలు, కొందరు విజయవాడ మీదుగా, కొందరు వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా సూర్యలంక బీచ్‌కి బండి తీస్తాం. అందుకే ఈరోజు ఒక చిన్న చేప గురించి చెప్తా.

మూసీలో, సాగర్ కాలువలో చేపలు పట్టేవాళ్లకి జెల్ల ముల్లు సంగతి బాగా తెలుసు. ఆ జెల్లకి సముద్రంలో ఒక చుట్టం ఉంది. పేరు స్ట్రైప్డ్ ఈల్ క్యాట్‌ఫిష్. సైన్స్‌లో ప్లోటోసస్ లీనియాటస్ అంటారు. మీసాలు, పాములాంటి తోక, తల నుంచి తోక దాకా తెల్లటి చారలు. ఎంత పెరిగినా 32 సెంటీమీటర్లే. మన బంగాళాఖాతంలో కూడా ఉంటుంది. పిల్ల చేపలు బంతిలా గుంపు కట్టి తిరుగుతుంటే భలే ముద్దుగా ఉంటాయి. కానీ చెయ్యి మాత్రం పెట్టొద్దు!

వీపు మీద ఒకటి, రెండు పక్క రెక్కలకి ఒక్కొక్కటి, మొత్తం 3 విషపు ముళ్లు. ముల్లు మీద పల్చటి తొడుగు ఉంటుంది. గుచ్చుకోగానే అది చిరిగి, విషం గాయంలోకి దిగుతుంది. అంటే చేప కావాలని కుట్టక్కర్లేదు, చచ్చిన చేప ముల్లు కూడా ప్రమాదమే. ఇది సూయజ్ కాలువ గుండా మధ్యధరా సముద్రంలోకి చేరి, అక్కడి జాలర్లని వలలు విప్పేటప్పుడు గాయపరుస్తోంది. 2019లో యూరోపియన్ యూనియన్ దీన్ని హాని చేసే పరాయి జాతుల లిస్టులో పెట్టింది.

ఇప్పుడు అసలు పాయింట్. గుచ్చుకుంటే ఏం చేయాలి? చాలామంది వెంటనే ఐస్ పెడతారు. అది వద్దు. ఈ విషంలో ఉండేవి ప్రోటీన్లు, వేడికి దెబ్బతింటాయి. గాయాన్ని తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. వేడి ఎంతుందో ముందు బాగున్న చేత్తో చూసుకోండి. దెబ్బ తగిలిన చెయ్యికి స్పర్శ సరిగా తెలీదు, కాలిపోవచ్చు. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం అస్సలు వద్దు.

నొప్పి తగ్గినా సరే, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు, టీటీ ఇంజెక్షన్ కూడా అవసరం కావచ్చు. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వేడి నీళ్ల కోసం ఆగకుండా 108కి కాల్ చేయండి.

బీచ్‌కి ప్లాన్ వేస్తున్న మీ గ్యాంగ్‌కి ఇది పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!