పిత్తాశయవ్యాధి – దాని వెనుకనున్న వ్యాధులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు విజ్ఞానము పంచిపెట్టుచున్న గ్రంథాలయపు ఉత్సవమున ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. “పిత్తాశయములో రాళ్లు” అను మాట నేడు తరచుగా వినుచున్నాము. ఇతరవ్యాధుల వలన ఆ యవయవమునకు కలుగు కష్టములను గూర్చి మనవి చేసెదను.

పిత్తాశయము కుడివైపున ప్రక్కటెముకల క్రింద, కాలేయము నంటియుండు చిన్న సంచి. పైత్యరసమును తయారుచేయునది కాలేయము. దానిని నిలువచేసి, చిక్కపరచి, కొవ్వుగల ఆహారము తినినప్పుడు ప్రేగులలోనికి వదలునది ఈ సంచి. దీనిని ఊరిచెరువు వంటిదనుకొనుడు. చెరువునీరు చెడినచో తప్పు చెరువుదే కానక్కరలేదు. పైనుండి వచ్చు వాగులోనే దోషముండవచ్చును.

మొదట రక్తమును చూతము. ఆరోగ్యవంతుని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రతుకును. సికిల్‌సెల్ అను కొడవలికణవ్యాధి గలవారిలో అది 10 మొదలు 20 దినములలోనే నశించును. నశించిన కణములనుండి బిలిరుబిన్ అను పసుపుపచ్చని పదార్థము పుట్టి, పైత్యరసములో మితిమీరి చేరి, నల్లని రాళ్లుగా గట్టిపడును. తలసీమియాలోను ఇట్లే జరుగవచ్చును. మన దేశమున కొడవలికణములను 1952లో నీలగిరి తెగలయందు గుర్తించిరి. తెలుగునాటి మన్యప్రాంతములలోను ఈ వ్యాధి కలదు. కావున చిన్నబిడ్డకు పిత్తాశయములో రాళ్లు కనబడినచో, “ఏమి తినినాడు?” అని అడిగి ఊరకుండరాదు, “రక్తపరీక్ష చేసినారా?” అని అడుగవలెను. సంచిని తీసివేసిన రాళ్లు పోవునుగాని రక్తవ్యాధి పోదు. దీని నిర్మూలనకై భారతప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన జాతీయకార్యక్రమము నారంభించినది.

రెండవది టైఫాయిడు. ఈ క్రిములు కాలేయమును చేరి, పైత్యరసముతో కలిసి పిత్తాశయములో ప్రవేశించును. రాళ్లు లేకయే సంచి వాచుటయు కలదు. జ్వరము తగ్గిన పిదప కూడ కొందరిలో, ముఖ్యముగా రాళ్లున్నవారిలో, క్రిములు అక్కడనే కాపురముండి ఏండ్లతరబడి మలముతో వెలువడుచుండును. న్యూయార్కులో వంటపని చేసిన మేరీ మాలన్ అను స్త్రీ, తాను ఆరోగ్యముగా కనబడుచునే ఇతరులకు టైఫాయిడు నంటించుచున్నట్లు 1907లో బయటపడినది. పిత్తాశయమును తీయించుకొనుమనగా ఆమె ఒప్పుకొనలేదు. 1915 మొదలు 1938లో మరణించువరకు ఆమెను ఒక ద్వీపమున వేరుగా ఉంచిరి. మరుగుదొడ్డి వాడుక, సబ్బుతో చేతులు కడుగుట, శుభ్రమైన నీరు ఎంత ముఖ్యమో ఈ కథయే చెప్పుచున్నది.

మూడవది డెంగీ జ్వరము. ఇందు రక్తనాళములనుండి ద్రవము ఊరి పిత్తాశయపు గోడ ఉబ్బవచ్చును. స్కానింగులో అది రాళ్లవాపువలె భ్రమ కలిగించును. జ్వరము తగ్గగానే చాలవరకు అదియు తగ్గిపోవును. రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు తగ్గియున్నవేళ తొందరపడి శస్త్రచికిత్స చేసినచో రక్తస్రావమగు ప్రమాదమున్నది. కాలేయము గట్టిపడినవారిలోను, గుండె నీరసించినవారిలోను ఈ గోడ ఇట్లే దళసరియగును. అప్పుడు వైద్యము చేయవలసినది కాలేయమునకు, గుండెకు.

మధుమేహము గలవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. వారిలో నొప్పి స్వల్పముగా తోచుచుండగనే లోపల వాపు ముదిరి, సంచి కుళ్లునంతటి ప్రమాదము రావచ్చును.

రాళ్లన్నియు ఇతరవ్యాధుల వలననే కలుగునని గాని, శస్త్రచికిత్స అనవసరమని గాని నా భావము కాదు. కుడిప్రక్క విడువని నొప్పి, చలిజ్వరము, కన్నులు పచ్చబడుట కనబడినచో పసరుమందులతో కాలము గడపక, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. పోయినప్పుడు నాలుగు సంగతులు మరువక చెప్పుడు: ఇటీవల వచ్చిన జ్వరము, మధుమేహము, గుండె లేక కాలేయపు జబ్బు, వంశములోని రక్తహీనత. పాత పరీక్షల కాగితములను పారవేయక దాచుకొనుడు. ఈ గ్రంథాలయమున పుస్తకములకు పట్టిక యున్నట్లే, ప్రతి యింట ఆరోగ్యమునకును ఒక పట్టిక యుండవలెను. అదియున్న వైద్యునికి రోగపు మూలము త్వరగా దొరకును.