పిల్లలకు కష్టం తెలియనిద్దాం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సభల్లో ఎప్పుడూ పట్టు ధర, మజూరీ, అప్పులు, ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల గాలి. ఆ రాత్రి బరంపురంలో భయపడని పిల్లలు లేరు. ఆ తర్వాత తేడా కనిపించింది. కొందరు చాలాకాలం గాలి వీస్తే చాలు అమ్మ కొంగు పట్టుకునేవారు. నాన్నతో కలిసి తడిసిన పడుగు ఆరబెట్టిన పిల్లలు, ఎగిరిన రేకులు ఏరుకొచ్చిన పిల్లలు కాస్త ముందు తేరుకున్నారు. ఇది డాక్టర్ల లెక్క కాదు, మేము మా వీధుల్లో చూసిన సంగతి. చేతికి ఏదో ఒక పని దొరికితే భయం కొంచెం తగ్గుతుంది.

పోగు తెగినప్పుడు మనం ఏం చేస్తాం? మగ్గం ఆపి, చివర వెతికి, ముడి వేసి మళ్లీ నేస్తాం. అదే పిల్లాడు ముడి వేయబోతే మాత్రం "నీకు రాదు, తప్పుకో" అని లాక్కుంటాం. పిల్లల్ని బడి మాన్పించి మగ్గం ఎక్కించమని కాదు మేము చెప్పేది, అలా చేస్తే తప్పు. వాళ్ల చిక్కు వాళ్లు విప్పుకునేదాకా పక్కన కూర్చోండి అంటున్నాం.

డబ్బు సంగతి చూడండి. రాత్రి షావుకారు అప్పు గురించి గొడవ పడతాం. పిల్లాడు గోడ అవతల నుంచి సగం వింటాడు. పొద్దున్న అడిగితే "నీకెందుకురా, చదువుకో" అంటాం. వాడు మిగతా సగం తనే ఊహించుకుంటాడు, ఇల్లు అమ్మేస్తారేమో అని. "ఈ నెల ఇబ్బందిగా ఉంది, బట్టలు తర్వాత కొంటాం, ఫీజు మాత్రం కడతాం" అని తిన్నగా చెప్పొచ్చు. కట్టలేని మాట మాత్రం ఇవ్వకండి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. యాసకు తోటిపిల్లలు నవ్వితే పిల్ల రోజూ పొద్దున్నే కడుపు నొప్పి అంటుంది. ఒక దెబ్బ వేసి పంపేస్తాం. "ఏటైందమ్మా, ఎవరేటన్నారు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగితే సగం నొప్పి అక్కడే పోతుంది. సూరత్‌లో ఉన్న తండ్రులకూ ఒక మాట. ఫోన్ చేసినప్పుడు మార్కులు మాత్రమే అడగకండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. కష్టమొస్తే మనం మందు కొట్టి పడుకుంటే, పిల్లాడు కష్టమొచ్చినప్పుడు ఫోన్‌లో తల దాచుకుంటాడు. దారి చూపింది మనమే. ఇక్కడ కొందరు తల దించుకున్నారు, మేమూ వాళ్లలో ఉన్నాం.

రెండు వారాలు దాటినా పిల్ల సరిగా తినక, నిద్రపోక, ఎవరితోనూ మాట్లాడకపోతే ఆలస్యం చేయొద్దు. చచ్చిపోతానని అంటే ఆ రోజే కదలాలి, పిల్లను ఒంటరిగా వదలకూడదు. మన ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు. 14416కి రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఎవరైనా పిల్లల్ని బాధపెడుతుంటే 1098 ఉంది. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని దాచేవాళ్లు ఉన్నారు. జ్వరమొస్తే దాస్తామా?

వచ్చే ఆదివారం నుంచి సాయంత్రం 5 గంటలకు సమాఖ్య హాలు పిల్లల కోసం తెరిచి ఉంటుంది. పాఠాలు చెప్పం. ఠాకురాణి యాత్రలో తాము వేసిన వేషాల కబుర్లు తాతలు చెప్తారు, పిల్లలు తమ కబుర్లు చెప్తారు. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టాలి. పెద్దలవి కూడా.