తల్లి కోరిక – బిడ్డ వేదిక
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విని, పిల్లల ఆటపాటలు ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురు చూస్తున్న ఈ వేళ నా ప్రసంగం మీకు కొంచెం అడ్డమే. అందుచేత క్లుప్తంగా ముగిస్తాను. నేను మెట్రిక్యులేషన్ వరకు చదివిన రైల్వే గుమాస్తాను, పండితుణ్ణి కాను. నాటకాలూ సినిమాలూ చూడడం ఒక్కటే నాకున్న వ్యసనం. ఏదైనా ఒక సినిమాను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. పిల్లలను రంగం మీదికి పంపే తల్లిదండ్రులతో హాలు నిండి ఉంటుంది గనుక, అటువంటి ఒక తల్లి కథనే ఎంచుకున్నాను. అది అమెరికా దేశపు సంగీత నాటకం. పేరు "జిప్సీ".

ఈ నాటకం 1959 మే 21న న్యూయార్కులో బ్రాడ్వే రంగస్థలం మీదికి వచ్చింది. రచన ఆర్థర్ లారెంట్స్, పాటలు స్టీఫెన్ సాండ్‌హైమ్, సంగీతం జూలీ స్టైన్, దర్శకత్వం జెరోమ్ రాబిన్స్. తల్లి పాత్రను ఎథెల్ మెర్మన్ ధరించింది. 702 ప్రదర్శనలు జరిగాయి. జిప్సీ రోజ్ లీ అనే నటి 1957లో ప్రకటించిన స్వీయచరిత్ర దీనికి ఆధారం. ఆమె తల్లి రోజ్ 1954లోనే కన్నుమూసింది. అంటే మనం వినేది కూతురి వాదన మాత్రమే. జవాబు చెప్పడానికి తల్లి లేదన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకొని చూడడం న్యాయం.

ఇక కథ. రోజ్ అనే ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, లూయీజ్, జూన్. వారిని వెంటబెట్టుకొని ఊరూరా తిరిగి వాడెవిల్ అనే ప్రదర్శనలు ఇప్పిస్తుంది. మన సురభి వారు ఇంటిల్లపాదీ కలిసి ఒక పూర్తి నాటకం ఆడతారు. వాడెవిల్ అట్లా కాదు. ఒక పాట, ఒక గారడీ, ఒక హాస్యం, ఇట్లా ముక్కలు ముక్కలుగా ఒకే రాత్రి పదిమంది వచ్చిపోయే సంత అది. జూన్ ముద్దుగా పాడుతుంది, ఆడుతుంది. అంతా ఆమె చుట్టూనే. లూయీజ్‌కు దక్కేది గుంపులో ఒక వేషమో, గుడ్డతో కుట్టిన ఆవులో సగభాగమో! పిల్లలు ఎదిగిపోతున్నా తల్లి వారి వయసు ఒప్పుకోదు. పుట్టినరోజు నాడు లూయీజ్ ఒక గొర్రెపిల్లను ఒడిలో పెట్టుకొని తన వయసు ఎంతో తనకే తెలియదని పాడుకుంటుంది. అర టిక్కెట్టు కోసం పిల్లల వయసు తగ్గించే తల్లిదండ్రులను మా బుకింగు కిటికీ దగ్గర చూచి నవ్వుకుంటూ ఉంటాము. ఈ పాట చూచినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

రేడియో, టాకీ సినిమా వచ్చి వాడెవిల్‌ను మింగివేశాయి. అయినా రోజ్ అదే ఆట, అదే ఆవు. చివరకు ఒమాహా అనే ఊళ్ళో, రైల్వే స్టేషనులో, జూన్ తమ బృందంలోని ఒక కుర్రవాణ్ణి పెళ్ళి చేసుకొని వెళ్ళిపోయిందని ఉత్తరం వస్తుంది. ఇక ఇల్లు చూచుకొని స్థిరపడదామని, వారి ఏజెంటు హెర్బీ రోజ్‌ను బతిమాలుతాడు. తల్లి కళ్ళు లూయీజ్ మీద పడతాయి. ఈమెను పెద్ద తారను చేసి తీరతానని రోజ్ పాడుతుంది. పాట ఉత్సాహభరితం. పక్కనే నిలబడిన బిడ్డ ముఖంలో మాత్రం భయం! ఆఖరుకు విచిటా అనే ఊళ్ళో, ఆడవారు ఒక్కొక్క వస్త్రమే తీసివేస్తూ ఆడే చౌకబారు కొట్టకంలో, ఒకామె రాని లోటు తీర్చడానికి తల్లే లూయీజ్‌ను ముందుకు తోస్తుంది. హెర్బీ అసహ్యించుకొని వెళ్ళిపోతాడు. లూయీజ్ అక్కడే జిప్సీ రోజ్ లీగా పేరు పొందుతుంది. పేరు వచ్చిన కూతురికి తల్లితో పని లేదు. అప్పుడు రోజ్ ఖాళీ రంగస్థలం మీద ఒంటరిగా నిలబడి, ఇంతకాలం ఇదంతా ఎవరి కోసం చేశానని తన్ను తానే అడుగుకుంటుంది. ఆ పాటకు "రోజ్ వంతు" అని పేరు. నాటకానికి ప్రాణం అదే.

ఈ నాటకాన్ని తెర మీద ముఖ్యంగా మూడు రూపాలలో చూడవచ్చును.

మొదటిది 1962లో వార్నర్ సంస్థ తీసిన రంగుల చిత్రం. దర్శకుడు మెర్విన్ లెరాయ్. తల్లిగా రోజలిండ్ రస్సెల్, లూయీజ్‌గా నాటలీ వుడ్ నటించారు. నాటలీ వుడ్ స్వయంగా పసితనం నుంచీ సినిమాలలో పని చేసిన మనిషి. ఆమె కళ్ళలోని బెరుకు ఈ చిత్రానికి గొప్ప బలం. పైగా తన పాటలు తానే పాడుకున్నది. రస్సెల్ గొంతుకు మాత్రం లీసా కర్క్ అనే గాయని గొంతును కలిపారు. మనకు ఇది తప్పుగా తోచదు. ఎన్.టి. రామారావుగారికి ఘంటసాలవారు పాడితే ఆ గొంతు రామారావుగారిదే అనుకొని ఆనందించిన వాళ్ళం మనం! అయినా ఒక్క మాట. జన్మంతా బిడ్డల వెనుక నిలబడిన తల్లి, తన వంతు కోసం నోరు విప్పే ఆ చివరి పాటలో కూడ సగం గొంతు అరువు తెచ్చుకోవడం నాకు వెలితిగా తోచింది. తల్లీ కూతురూ హెర్బీ ముగ్గురూ కలిసి పాడే ఒక చక్కని పాటను చిత్రీకరించి కూడ తీసివేశారు. ఆ ముగ్గురూ ఒక కుటుంబం కాగలరన్న ఆశ ఆ పాటలో ఉన్నది. అది లేకపోతే హెర్బీ వెళ్ళిపోయినప్పుడు పోయినదేమిటో మనకు పూర్తిగా తెలియదు.

రెండవది 1993లో అమెరికా టెలివిజన్‌కు తీసినది. తల్లిగా బెట్ మిడ్లర్, లూయీజ్‌గా సింథియా గిబ్. దర్శకుడు ఎమిల్ ఆర్డొలినో, పాపం, ఇది ప్రసారం కావడానికి కొద్ది రోజుల ముందే మరణించాడు. నాటకంలోని సంభాషణలు, పాటలు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి. మిడ్లర్ తన గొంతుతోనే పాడింది. ఈమె రోజ్ నవ్విస్తుంది, బులిపిస్తుంది. మనం కూడ ఆమె మాయలో పడి, బిడ్డను మరచిపోతాము. కాసేపటికి లూయీజ్ ముఖం చూచి ఉలిక్కిపడతాము. ఇది ఈ చిత్రం సాధించిన విజయమనే నా అభిప్రాయం.

మూడవది సినిమా కాదు. లండన్ సవాయ్ థియేటరులో ఇమెల్డా స్టాంటన్ నటించిన నాటకాన్ని ప్రేక్షకుల సమక్షంలోనే చిత్రించి, 2015లో బి.బి.సి. వారు ప్రసారం చేశారు. స్టాంటన్ పొట్టి మనిషి. కాని ఆ కోపం, ఆ ఆకలి రంగస్థలానికి పట్టవు. ఇందులో మరొక విశేషం ఉన్నది. కథలో రోజ్ పాడేది ఖాళీ హాలుకు. మనకు వినిపించేది నిజమైన హాలులోని చప్పట్లు. ఈ చప్పట్ల వెనుక ఒక చరిత్ర కలదు. 1959లో ఆ పాట చివర చప్పట్లకు చోటు లేకుండ వ్రాయగా, పెద్దవాడైన ఆస్కార్ హామర్‌స్టైన్ చూచి, జనాన్ని చప్పట్లు కొట్టనీయండి, లేకపోతే తరువాతి రంగాన్ని వారు వినరు అని సలహా చెప్పాడు. 1974 నాటి ప్రదర్శనలో ఏంజెలా లాన్స్‌బరీ, చప్పట్లు ఆగిన తరువాత కూడ లేని జనానికి వంగి వంగి నమస్కరించింది. అప్పుడు గాని ఆ తల్లి ఊహలోకం ఎంత ఖాళీయో చూచేవారికి తెలియలేదు.

ఆ తరువాతి రంగంలో, ఇదంతా ఎందుకు చేశావని కూతురు అడుగుతుంది. నలుగురూ నన్ను గమనించాలని అంటుంది తల్లి. నేనూ అంతే, నీవు నన్ను గమనించాలని కోరుకున్నాను అంటుంది కూతురు. నాటకం అంతటికీ ఇదే కీలకం. ఏ రూపం మంచిదో తేల్చడానికి నాకు దొరికిన తూనికరాయి కూడ ఇదే. 1962 చిత్రంలో బిడ్డ బాధ బాగా కనిపిస్తుంది, తల్లి ఆకలి కొంత మెత్తబడింది. 2015 దానిలో తల్లి ఆకలి పూర్తిగా కనిపిస్తుంది. రెండూ సమంగా తూగినది 1993 నాటిదని నాకు తోచింది. మొదటిసారి చూచేవారు దానితోనే మొదలు పెట్టండి.

ఇక మన సంగతి. మన తాతలు పొట్ట చేతబట్టుకొని హుబ్బళ్ళి వచ్చారు. మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. ఈ రోజు పాడబోయే పద్యాలను కొందరు కన్నడ లిపిలో వ్రాసుకొని కంఠస్థం చేశారు. అందులో తప్పు లేదు, నాకు సంతోషమే. తెలుగు మరచిపోకూడదన్న మన ఆరాటమూ నిజమే. కాని ఆ ఆరాటం మనది. పద్యం మధ్యలో ఆగిపోతే బిడ్డ వెంటనే చూచేది జనం వంక కాదు, మొదటి వరుసలో కూర్చున్న అమ్మ ముఖం వంక. ఆ క్షణంలో మన ముఖం ఎట్లా ఉంటుందో ఒక్కసారి ఆలోచించుకోవాలని మనవి.

సంఘానికి ఒక చిన్న ప్రార్థన. వచ్చే ఉగాదికి పేర్లు వ్రాసుకునేటప్పుడు తల్లిదండ్రులను కాక, పిల్లలనే పిలిచి అడుగుదాం. పాడతానన్నవారిని పాడనిద్దాం. రంగుపూసే పని కావాలన్నవారికి కుంచె ఇద్దాం. తెర లాగుతానన్న పిల్లవాడికి తాడు అప్పగిద్దాం. ఊరికే కూర్చొని వింటానన్న పిల్లకు ముందు వరుసలో కుర్చీ వేద్దాం. విన్న తెలుగు కూడ తెలుగే గదా!

 అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. పిల్లలు తెర వెనుక సిద్ధంగా ఉన్నారట. సెలవు.