వేగానికి ఒక బడి
(దేవదుర్గ తెలుగు కుటుంబాల యువకులనూ తల్లిదండ్రులనూ ఉద్దేశించిన ప్రసంగ పాఠం)



దేవదుర్గ నుండి రాయచూరుకు పోయే దారిలో సాయంకాలం వేళ కాసేపు నిలబడినవారికి ఒక దృశ్యం పరిచితమే. కొత్త బండి మీద ఒక యువకుడు, వెనుక మిత్రుడు. హెల్మెట్ తలపై గాక చేతికి వేలాడుతూ ఉంటుంది. ఎదుట వరిగడ్డి వేసుకొని, వెనుక దీపం లేకుండా సాగే ట్రాక్టరు. ఆ యువకునికి బండి నడపడం రాదని ఎవరూ అనలేరు. అయితే దానిని ఆపడం అతనికి ఎవరూ నేర్పలేదు. గేరు మార్చడం అన్న చూపాడు, క్లచ్ వదలడం స్నేహితుడు చూపాడు, మిగిలినదంతా దారికే వదిలేశారు. దారి కూడా గురువే. కాని ఒక్క తప్పుకే ప్రాణం అడిగే గురువు.

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారు. ఉపాధి కోసం సొంత ఊరు విడిచి వచ్చిన కుటుంబానికి ఇంటి కుర్రవాని బండి అలంకారం కాదు. పొలానికీ, పనికీ, ఆసుపత్రికీ అదే కాళ్లు. ఆ కాళ్లు విరిగితే ఇల్లే కూలబడుతుంది. వేగం మీది మోజు మందలింపుతో పోయేది కాదు. కనుక వేగాన్ని ఒక విద్యగా నేర్పే చోటు ఎలా ఉంటుందో, అక్కడ కొత్తవాడు ఏమి నేర్చుకుంటాడో తెలుసుకోవడం ఉచితం.

చెన్నై సమీపాన, శ్రీపెరుంబుదూరు వద్ద ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది; పూర్వం దాని పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నిర్మించిన ఈ ట్రాక్ 1990లో ప్రారంభమయింది. అంతకు పూర్వం పందేలు షోలవరంలోని పాత విమానాశ్రయపు రన్‌వే మీద జరిగేవి. పూర్తి చుట్టు 3.717 కిలోమీటర్లు; మలుపులు పన్నెండు. కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఇటువంటి చోట్ల పందెం లేకుండా, కేవలం అభ్యాసం కోసం కేటాయించే రోజును ట్రాక్ డే అంటారు. అక్కడ గెలుపు లేదు, బహుమతి లేదు.

ఆ రోజు బడిలాగే మొదలవుతుంది. ముందు బండి తనిఖీ: టైర్లు, బ్రేకులు, గొలుసు, నూనె కారుతున్నదా లేదా అన్నది. తరువాత మనిషి తనిఖీ: ముఖమంతా కప్పే హెల్మెట్, తోలు దుస్తులు, చేతి తొడుగులు, చీలమండలు దాటే బూట్లు. ఆపైన జెండాల పాఠం. పసుపు కనబడితే ముందు అపాయం ఉన్నదని, దాటవద్దని అర్థం; ఎరుపు కనబడితే నెమ్మదించి లోపలికి తిరిగి రావాలి. అనుభవాన్ని బట్టి జట్లు విడదీస్తారు. కొత్తవాడు కొత్తవారితోనే తిరుగుతాడు.

తొలి చుట్లలో అతని భుజాలు బిగుసుకుపోతాయి, పిడికిళ్లు హ్యాండిల్‌ను పిసికేస్తాయి. దీనికి కారణాన్ని అమెరికా శిక్షకుడు కీత్ కోడ్ 1983లో ప్రచురించిన ‘ఎ ట్విస్ట్ ఆఫ్ ది రిస్ట్’ అనే పుస్తకంలో చక్కగా వివరించాడు. మనిషి ఏకాగ్రత జేబులోని పది డాలర్ల నోటు వంటిదట. భయానికే అందులో అధిక భాగం ఖర్చయితే, మలుపును చూడడానికి మిగిలేది చిల్లరే. అభ్యాసం పెరిగిన కొద్దీ ఒక్కొక్క పనికి అయ్యే ఖర్చు తగ్గుతుంది. ధైర్యం అంటే ఆ మిగులే. భయం లేకపోవడం కాదు.

కనుక నేర్పరి ఒక విడతకు ఒకే పాఠం పెట్టుకుంటాడు. మొదటిది చూపు. గుంటను చూస్తూ నడిపితే బండి గుంటలోకే పోతుందని సైకిల్ తొక్కిన పిల్లవాడికి కూడా తెలుసు. చూపు మలుపు చివర ఉండాలి. బండి చూపును అనుసరిస్తుంది. రెండవది చేతులు. వేగం మీద ఉన్న బండి కుడికి వంగాలంటే కుడి పిడిని మెల్లగా ముందుకు నెట్టాలి. ఇది తెలియని వాడు ఆపదలో హ్యాండిల్‌తో పెనుగులాడతాడు. మూడవది బ్రేకు. ముందు బ్రేకును గభాలున పట్టక, బరువు ముందు చక్రం మీదికి వచ్చే కొద్దీ ఒత్తిడి పెంచాలి. వేగాన్ని మలుపుకు ముందే తగ్గించాలి. మలుపు నడుమ ఉలిక్కిపడి యాక్సిలరేటర్ వదలకూడదు. సాయంత్రానికి అలసట వస్తుంది. పక్కవాణ్ణి అందుకోవాలన్న తొందర కూడా అప్పుడే పుడుతుంది. చివరి విడత మానుకొని బయటికి వచ్చేవాడు పిరికివాడు కాడు, పాఠం వంటబట్టినవాడు. నిదానమే ప్రధానమన్న మాట అతనికి ఇప్పుడు సామెత కాదు, అనుభవం.

అందరూ చెన్నైకి పోలేరు, పోనక్కరలేదు. ఖాళీ మైదానంలో, యజమాని అనుమతితో, పెద్దవారి సమక్షంలో, హెల్మెట్ ధరించి, ముప్పై కిలోమీటర్ల వేగంతో బండిని సరిగా ఆపడం పదేపదే సాధన చేయవచ్చు. ఒక లెక్క మాత్రం కంఠస్థం కావాలి. పొడి తారు రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన తరువాత బండి ఆగడానికి దాదాపు 20 మీటర్లు కావాలి. 100 కిలోమీటర్ల వేగంలో దాదాపు 55 మీటర్లు. బ్రేకు పట్టాలని మెదడుకు తట్టే ఒక్క సెకనులో పోయే దూరం దీనికి అదనం: మొదటిదానికి 17, రెండవదానికి 28 మీటర్లు. నల్లరేగడి బురద అంటిన తడి రోడ్డు మీద ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ట్రాక్ మీద ఎదురు వచ్చే వాహనం లేదు, అడ్డుపడే గేదె లేదు, గడ్డి ట్రాక్టరు లేదు. పడినవాని కోసం అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. రాయచూరు దారి మీద మొదటి మూడూ ఉన్నాయి, నాలుగవది లేదు. ట్రాక్ నేర్పిన అసలు పాఠం ఇదే: వేగానికి తగిన చోటు ఒకటుంది, దారి ఆ చోటు కాదు. ఈ తేడా తెలిసిన కుర్రవాడు ఇంటికి తిరిగి వస్తాడు. ఏ తల్లికైనా అంతకు మించిన బహుమతి లేదు.