స్టేడియం పెంపు - పొరుగిళ్ళ గోడు

(మన సంఘం వార్షిక సమావేశంలో, రెవెన్యూ శాఖ భూసేకరణ విభాగంలో పనిచేసి రిటైరైన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసిన చోట ఈయన ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాడేమిటని మీకనిపించవచ్చు. మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఉంటున్నాడు. ఆర్నెల్లు అక్కడుండి వచ్చాను. మా మనవడికి ఆ ఊరి క్లబ్బంటే ప్రాణం. "టికెట్లు దొరకడం లేదు తాతయ్యా, స్టేడియం ఇంకా పెద్దది చెయ్యాలి" అని వాడు, "చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళ మాటేమిట్రా" అని నేను. రోజూ ఇదే వాదన. ఉద్యోగకాలమంతా భూసేకరణ ఫైళ్ళు చూసినవాణ్ణి కదా, మైదానం చూపిస్తే నా కళ్ళు ముందు హద్దుల మీదికే పోయాయి.

ఆ స్టేడియం పేరు ఆన్‌ఫీల్డ్. ఊరి బయట లేదు. గోడకు గోడ ఆనించి కట్టిన ఇటుక ఇళ్ళ వీధుల మధ్య ఉంది. పెంచాలన్న కోరికను ఉత్త దురాశ అనడానికి వీల్లేదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరంలోని హిల్స్‌బరో మైదానంలో, ఈ క్లబ్బు ఆట చూడవచ్చినవారు నిలబడిచూసే ఆవరణలో నలిగిపోయారు. మృతుల సంఖ్య చివరకు 97కు చేరింది. ఆ పిమ్మట పెద్ద క్లబ్బుల మైదానాల్లో అందరికీ కుర్చీలుండాలని నిర్ణయమైంది. ఆన్‌ఫీల్డ్‌లో జనం కిక్కిరిసి నిలబడే 'కోప్' అనే వైపు 1994లో కుర్చీల స్టాండుగా మారి, పన్నెండు వేల పైచిలుకు మందికే పరిమితమైంది. కుర్చీ వేస్తే చోటు తగ్గుతుంది. తగ్గినది మరోచోట పూడ్చుకోవాలి.

అసలు కథ వీధుల్లో ఉంది. వెనుక కెమ్లిన్ రోడ్డు వైపు స్టాండు పెంచడానికి క్లబ్బు అక్కడి ఇళ్ళు ఒక్కొక్కటే కొంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు మాత్రం అమ్మమన్నారు. చుట్టూ ఇళ్ళు పోయినా వారి ఇల్లు ఏళ్ళ తరబడి నిలిచింది. చివరకు వారు ఒప్పుకున్నాక, 1992లో రెండంతస్తుల స్టాండు తెరిచారు. ఆ అక్కచెల్లెళ్ళ మీద నాకు గౌరవమే. ధర కుదరక కాదు, ఇల్లు వదలలేక అడ్డం కూర్చున్నవాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశాను.

దానికంటే బాధాకరమైనది లోథెయిర్ రోడ్డు సంగతి. మెయిన్ స్టాండు వెనుక ఇళ్ళను క్లబ్బు 1990ల నుంచి కొనడం మొదలుపెట్టింది. కొన్నవాటిలో చాలా ఇళ్ళను తలుపులకు పలకలు కొట్టి ఖాళీగా వదిలేసింది. ఈలోగా పక్కనున్న స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం కడతామన్నారు, ఆ మాటతో పదేళ్ళు గడిచాయి. 2012 అక్టోబరులో అది మానుకుని, ఉన్నదే పెంచుతామన్నారు. అన్నాళ్ళూ మిగిలినవాళ్ళు పాడుబడ్డ కొంపల మధ్య కాపురం చేశారు. పక్కిల్లు పాడుపడితే మన ఇంటి విలువ ఏమవుతుందో వేరే చెప్పాలా?

మన 1894 భూసేకరణ చట్టాన్ని ఎంత తిట్టుకున్నా (2014 నుంచి కొత్త చట్టం వచ్చింది) నాలుగో సెక్షను నోటిఫికేషను అందరికీ ఒకేసారి తెలిసేది, ఆ తేదీ నాటి ధరే లెక్క, అభ్యంతరానికి గడువుండేది. దాన్నీ మనవాళ్ళు నీరుగార్చారనుకోండి. మా నాన్నగారి ఇంటి గోడ మీద రోడ్డు వెడల్పుకని ఎర్రరంగు గుర్తు వేసి పదకొండేళ్ళు ఊసెత్తలేదు. ఊరి పేరు అనవసరం. నాన్నగారు వెల్ల కూడా వేయించుకోలేదు, ఎలాగూ పోయేదే కదా అని. పోలేదు. ఆయనే పోయారు.

ఇక కుర్చీలు పెరిగితే ఎవరికి? 2016లో పెంచిన మెయిన్ స్టాండుతో సుమారు 8,500 కుర్చీలు కలిశాయి. అది తెరవకముందే గరిష్ఠ టికెట్టు ధర 59 పౌండ్ల నుంచి 77కు పెంచుతామన్నారు. ఆ ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో ఆట 77వ నిమిషానికి చేరగానే వేలాదిమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది, ఆట ముగిసేసరికి 2-2! కొద్దిరోజుల్లోనే యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధర ఉపసంహరించుకుంది. జట్టు గెలుపును కూడా వదులుకుని లేచారంటే చూడండి. మన ధర్నాలు గుర్తొచ్చాయి నాకు.

తర్వాత ఆన్‌ఫీల్డ్ రోడ్డు వైపు స్టాండు పెంచారు. మధ్యలో కాంట్రాక్టు సంస్థ దివాలా తీయడంతో ఆలస్యమైంది. పై అంతస్తులో కొంత భాగం 2023 డిసెంబరు 17న తెరిచారు. సరిగ్గా మన పెన్షనర్ల దినోత్సవం! మొత్తం పూర్తయ్యాక ఇప్పుడు 61 వేల మంది దాకా కూర్చోవచ్చు.

పెంచడం తప్పని నేననను. ముందుగా, బహిరంగంగా, వీధి మొత్తానికీ ఒకేరోజు చెప్పాలంటాను. కొన్న ఇంటిని ఖాళీ పెట్టకూడదు. పెరిగిన కుర్చీల్లో ఆ వీధులవాళ్ళకు, ముసలివాళ్ళకు అందుబాటు ధరలో కొన్ని ఉంచాలి. ఇలా అంటే మా మనవడు, "అవన్నీ చూస్తూ కూర్చుంటే ఎప్పటికీ కట్టరు తాతయ్యా" అన్నాడు. "2012లో తేల్చి చెప్పాక స్టాండు తెరవడానికి పట్టింది నాలుగేళ్ళే. అంతకుముందు తేల్చకుండా గడిపిన కాలమెంతో నువ్వే లెక్కగట్టు" అన్నాను. వాడు కాసేపు వేళ్ళు మడిచి, మాట మార్చి, "వచ్చేసారి నీకూ టికెట్టు తీస్తాలే" అన్నాడు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. భోజనాల వేళైంది.