మిద్దె ఇల్లు: విప్పేముందు, కట్టేముందు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  "ఇంజినీరువు కదా, పనికొచ్చే మాట ఏదైనా చెప్పు" అని సంఘం పెద్దలు నన్ను పిలిచారు. పొద్దుటి నుంచి మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకున్నది ఊళ్ళో ఉన్న పాత ఇళ్ళ గురించే. అమ్మానాన్నలు కట్టిన మిద్దెను ఏం చేద్దాం, పడగొట్టి స్లాబు వేద్దామా, తాళం వేసి వదిలేద్దామా అని. అందుకే ఈ పది నిమిషాలూ దాని మీదే మాట్లాడతాను.

ముందుగా ఒక చేదు విషయం. 2020 అక్టోబరులో మన జిల్లాలోనే, గోపాలపేట మండలం బుద్ధారంలో, పాత ఇంటి కప్పు కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు చనిపోయారు. 2024 జూలై మొదట్లో నాగర్‌కర్నూల్ దగ్గర వనపట్లలో మట్టి ఇల్లు కూలి ఒక తల్లి, ఆమె ముగ్గురు పిల్లలు పోయారు. కాబట్టి నేను పాత మిద్దెను పొగడటానికి మాత్రమే రాలేదు. మిద్దె మంచిదే, కానీ దాన్ని చూసుకునే మనిషి లేకపోతే అది నెత్తిమీద పెట్టుకున్న బరువు.

మన మిద్దె అసలు ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. రాతి దిమ్మెల మీద కట్టె స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద చెక్కలు. ఆ పైన ఆకో గడ్డో పరిచి, మట్టి పోసి, చివర చౌడు మన్నుతో మెత్తుతారు. వెలుతురు కోసం గవాచి. పాశ్చాత్య దేశాలలో కలప చట్రం ఇల్లు అని పుస్తకాల్లో చదివేది ఇదే సూత్రం. బాగా కట్టిన మిద్దెలో బరువు మోసేది చట్రం. గోడ ఎండకు, గాలికి అడ్డం మాత్రమే. డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు స్తంభాలు మానేసి దూలాలను నేరుగా మట్టి గోడ మీద ఆనించేవారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అయితే గోడ నానినప్పుడు స్తంభాలున్న ఇంట్లో మట్టి పెళ్ళలు రాలుతాయి, స్తంభాలు లేని ఇంట్లో కప్పే కిందికి వస్తుంది. మీ ఇల్లు ఈ రెండింటిలో ఏదో ముందు తేల్చుకోండి. గోడ మీదే కప్పు ఆనివుంటే, ఆ గోడ ఉబ్బినా, పైనుంచి కిందికి పగులు కనిపించినా, వానాకాలం ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి.

ఇప్పుడు కప్పు బరువు చూద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది మీద అడుగు మందం మట్టి ఉంటే సుమారు ఐదున్నర టన్నులు. బాగా నానితే ఏడు టన్నుల దాకా పోతుంది. అదే గది మీద ఐదు అంగుళాల సిమెంటు స్లాబు మూడున్నర టన్నులు. అంటే మట్టి కప్పు స్లాబు కంటే బరువు. మనవాళ్ళు ఏటా వానలకు ముందు కురుస్తున్న చోట ఇంకో నాలుగు తట్టల మన్ను పోస్తారు. పాత మన్ను తీసేవాళ్ళు తక్కువ. నలభై ఏండ్లు అలా పోస్తే తొమ్మిది అంగుళాల కప్పు అడుగున్నర అవుతుంది. దూలం మాత్రం అదే దూలం, లోపల చెద తిని కొంత చిక్కిపోయి ఉంటుంది కూడా. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలో కిల్లారి భూకంపం వచ్చినప్పుడు వేలమంది చనిపోవడానికి పెద్ద కారణాలు ఇవే: దళసరి రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి కప్పు. అందువల్ల ఇంటిని ఉంచుకోదలచినవాళ్ళు మొదట చేయవలసిన పని, కొత్త మన్ను పోసేముందు పాతది దించడం. మధ్యలోంచి తవ్వుకుంటూ పోకుండా అన్ని వైపులా సమంగా పలచన చేస్తూ దించాలి. ఆ పని జరిగేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదు.

రెండో పని కలప పరీక్ష. ఒక స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి చాలు. స్తంభం పాదం, గోడలోకి దూరిన దూలం చివర, గవాచి చుట్టూ ఉన్న దంతెలు, ఈ మూడు చోట్లా పొడిచి చూడండి. చెదలు, కుళ్ళు మొదలయ్యేది అక్కడే. స్క్రూడ్రైవరు పావు అంగుళం కూడా దిగకపోతే కట్టె గట్టిగా ఉన్నట్టు. మెత్తగా దిగిపోతే, సుత్తితో కొడితే బోలు శబ్దం వస్తే, ఆ కట్టె పని అయిపోయినట్టే. మధ్యలో ఎంత నున్నగా, నల్లగా మెరుస్తున్నా నమ్మకండి.

ఇంటిని నిలబెట్టలేమని తేలితే, విప్పండి. పొక్లెయిన్‌తో పడగొట్టకండి. రెండు గంటల్లో పని అయిపోతుంది నిజమే, కానీ టేకు దూలాలు విరిగి వంటచెరుకు అవుతాయి, లేదా పాత కలప వ్యాపారి చెప్పిన ధరకు లారీ ఎక్కుతాయి. శ్రీశైలం ముంపులో కృష్ణ ఒడ్డున సుమారు వంద ఊళ్ళు పోయినప్పుడు, 1980ల మొదట్లో, మన ప్రాంతం వాళ్ళు దూలాలు, ద్వారబంధాలు, తలుపులు బండ్లకెత్తుకుని వచ్చి కొత్త చోట మళ్ళీ నిలబెట్టుకున్నారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో మళ్ళీ కట్టారు. చట్రం ఇంటి గొప్పతనం అదే. కుసి చెక్కి, కొయ్యసీల కొట్టి బిగించిన ఇల్లు విప్పడానికి లొంగుతుంది. విప్పేముందు ఫోటోలు తీయండి. ప్రతి కట్టెకూ రంగుతో నంబరు వేయండి. తూర్పు వైపు చివరను గుర్తు పెట్టండి. పైనుంచి కిందికి, కట్టిన క్రమానికి ఎదురుగా విప్పండి.

నేను నాలుగేండ్ల కింద మా పాత ఇంటి కలపతోనే కొత్త చట్రం నిలబెట్టి ఇల్లు కట్టుకున్నాను. ఆ పనిలో తేల్చుకోవలసి వచ్చిన విషయాలు వరుసగా చెబుతాను.

మొదటిది, కలప. పాత టేకు, నల్లమద్ది, వేప, మూడూ దొరికాయి. యాభై ఏండ్లు ఎండిన కట్టె కొత్తగా వంకర తిరగదు, అది పెద్ద లాభం. చాలని చోట కొత్త కలప కొన్నాను. కొత్త కట్టె అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత లెక్క. మన ఎండలకు కొంత తక్కువ పట్టినా, పచ్చి కట్టెతో చట్రం బిగిస్తే ఏడాది తిరక్కముందే కీళ్ళు వదులవుతాయి. సొంత పొలంలో చెట్టే కదా అని నరకకండి. 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, టేకు లాంటి కలప రవాణాకు అటవీ శాఖ పర్మిట్ కావాలి. కట్టె వాడితే అడవికి ద్రోహమని కొందరు అనుకుంటారు. కేంద్ర ప్రజాపనుల శాఖ కూడా 1993లో తన నిర్మాణాల్లో కలపను నిషేధించి, 2020లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. నాటి పెంచిన చెట్టు కలప మళ్ళీ పెరుగుతుంది. సిమెంటు అలా పెరగదు.

రెండోది, స్తంభం పాదం. ఇల్లు ఎన్నేండ్లు నిలుస్తుందో సగం ఇక్కడే తేలుతుంది. స్తంభాన్ని నేలలో పాతకూడదు, కాంక్రీటులో అసలే పాతకూడదు. కాంక్రీటు తేమను పట్టుకుని కట్టెను కుళ్ళబెడుతుంది. నేలమట్టం నుంచి రెండడుగుల ఎత్తు అరుగు, దాని మీద ఆరు అంగుళాల ఎత్తు రాతి దిమ్మె, ఆ మీద స్తంభం. దిమ్మె నుంచి పైకి ఒక ఇనుప కడ్డీ, స్తంభం అడుగున దానికి సరిపోయే రంధ్రం. దిమ్మె చుట్టూ ఖాళీ కనబడాలి. చెదలు మట్టి గొట్టం కట్టుకుంటూనే పైకి వస్తాయి. దిమ్మె కనిపిస్తుంటే ఆ గొట్టం మన కంట పడుతుంది, చీపురుతో దులిపేయవచ్చు. కట్టె మొత్తానికి బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటి మందు పట్టించాను. అది వాన తగలని లోపలి కలపకే పనికొస్తుంది, తడిస్తే కారిపోతుంది.

మూడోది, దూలం కొలత. మన వడ్లాయనలకు చేతి అంచనా బాగా తెలుసు, అయినా లెక్క వేయించండి. భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 883 కలప నిర్మాణానికి ఉన్న ప్రమాణం. రెండు సూత్రాలు మాత్రం అందరూ గుర్తు పెట్టుకోవచ్చు. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల దూలాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా పెడితే బలం ఒకటిన్నర రెట్లు, వంగకుండా నిలిచే గుణం రెండుంపావు రెట్లు అవుతుంది. స్తంభాల మధ్య దూరం రెండింతలు చేస్తే, అడుగుకు పడే బరువు అంతే ఉన్నా, అదే దూలం పదహారు రెట్లు వంగుతుంది. మధ్యలో స్తంభం లేని పెద్ద హాలు కావాలని పిల్లలు అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. స్తంభాల మధ్య తొమ్మిది అడుగులు దాటనివ్వలేదు. ఇప్పుడు ఆ స్తంభానికి ఆనుకునే అందరూ కూర్చుంటారు.

నాలుగోది, కప్పు. మట్టి వద్దనుకున్నాను, ఏటా ఎక్కి మెత్తే మనిషి లేడు కాబట్టి. పెంకు వేస్తే తేలిక, కానీ గాలికి లేవకుండా కట్టాలి, మన మీద ఎండబెట్టుకోవడానికి మిద్దె మిగలదు. చివరికి దంతెల మీద ఒకటిన్నర అంగుళాల బేతంచెర్ల బండలు, వాటి మీద మూడు అంగుళాల సున్నపు కాంక్రీటు వేశాను. అడుగు మట్టితో పోలిస్తే బరువు సగం. వాలు సరిగా పెట్టి, గొట్టాలను గోడకు దూరంగా బయటికి తెచ్చాం. ఎండాకాలం మట్టి మిద్దె అంత చల్లగా ఉండదని ఒప్పుకోవాలి.

ఐదోది, గోడలు, కరెంటు. చట్రం నిలబడి, కప్పు పడ్డాకే గోడ కట్టాం. మట్టి ఇటుకలే, కింద మూడడుగులు రాయి. గోడకూ స్తంభానికీ మధ్య కొంత సందు వదిలి సున్నంతో నింపాం. స్తంభం గోడ లోపల కనిపించకుండా మునిగిపోకూడదు, ఒక ముఖమైనా గాలి పీల్చాలి. వైర్లన్నీ గొట్టాల్లోనే. లావు దూలానికి నిప్పు అంటుకున్నా పైపొర బొగ్గయి లోపలిని కొంతసేపు కాపాడుతుంది. సన్నటి చెక్కలకు ఆ రక్షణ ఉండదు.

చివరిది, కాలం. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి, మృగశిర కార్తెలోపు కప్పు పడేటట్టు చూసుకోవాలి. వడ్ల పని తెలిసినవాళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు, కానీ అరవై దాటినవాళ్ళే. తలుపులూ కిటికీలూ రెడీమేడ్ వచ్చాక వాళ్ళ పిల్లలు వేరే పనులకు పోయారు. చట్రం ఇల్లు కట్టాలనుకునేవాళ్ళు మొదట మేస్త్రిని చూసుకుని, తర్వాతే ముహూర్తం పెట్టించుకోండి.

అందరూ నాలాగే కట్టాలని చెప్పడం లేదు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైనవాళ్ళు పథకం చెప్పినట్టే కట్టుకోవాలి. పాత కలప ద్వారబంధాలకు, మెట్లకు పనికొస్తుంది. స్లాబు ఇష్టపడేవాళ్ళు స్లాబే వేసుకోండి. నేను కోరేది ఒక్కటే. ఊళ్ళో మీ పేరు మీద ఒక మిద్దె ఉండి, అందులో ముసలివాళ్ళో కిరాయికున్నవాళ్ళో నివసిస్తుంటే, ఈ రెండు రోజుల్లో, తిరుగు బస్సు ఎక్కేముందు, స్క్రూడ్రైవరు తీసుకుని లోపలికి పోయి చూడండి. మందం ఎంత ఉందో మిద్దె ఎక్కి కొలవండి. అనుమానం వస్తే నన్ను పిలవండి, రేపు సాయంత్రం దాకా ఊళ్ళోనే ఉంటాను. ఎవరింటికైనా వస్తాను, ఫీజు చాయ్ మాత్రమే.

దేశమంతా డ్యాములు, కాలువలు కట్టిన పాలమూరు కూలీల బిడ్డలం మనం. మన సొంత కప్పు కింద మనవాళ్ళు నిశ్చింతగా నిద్రపోయేటట్టు చూడటం మనకు చేతకాని పని కాదు.